కల్చర్ అండ్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లో ఎంఏ: వరంగల్ కాశిబుగ్గ నుంచి వెళ్లి చదివొచ్చిన నా అనుభవం

ఇంగ్లండ్ వెళ్లి ఎంఎస్ చేశానంటే మా కాశిబుగ్గలో ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ఎంఏ చేశాను, అదీ కల్చర్ అండ్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లో అంటే మాత్రం కూర్చోబెట్టి మరీ అడుగుతారు. డాన్సు నేర్పిస్తారా, టూరిజమా, ఎన్జీవో కోర్సా అని. ఈ మధ్య మా కాలేజీ జూనియర్లు కూడా ఫోన్లు చేస్తున్నారు: ఎట్ల అప్లై చేయాలక్కా, ఎంతయితది, ఉద్యోగం ఉంటదా అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకేచోట రాస్తే మేలనిపించింది.

ముందు ఆ కోర్సు సంగతి. అభివృద్ధి పేరుతో ఊళ్లోకి రోడ్డొస్తుంది, డ్యామొస్తుంది, బడి వస్తుంది, లోను వస్తుంది. అవి వచ్చినప్పుడు అక్కడి జనం భాష, జాతర, చేతిపని, తిండి, నమ్మకం ఏమవుతాయి? వాటిలో ఏది కాపాడాలో, ఏది పోయినా ఫర్వాలేదో ఎవరు తేలుస్తారు? ఏడాది పొడుగునా చదివింది ఇదే. మొదటి వారాల్లో చరిత్ర చెబుతారు. 1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రసంగంలో వెనకబడిన ప్రాంతాలకు సాయం చేస్తామన్నాడు, ఈ డెవలప్‌మెంట్ కథ అక్కడి నుంచి మొదలైందని చాలామంది పండితులు రాస్తారు. ఆ క్లాసులో కూర్చుని నేను లెక్క వేసుకున్నది వేరు. అదే జనవరిలో మన హైదరాబాద్ రాష్ట్రంలో జనరల్ చౌధురి మిలిటరీ పాలన నడుస్తోంది, వరంగల్, నల్గొండ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. మమ్మల్ని వెనకబడినవాళ్లని ఎవరో వాషింగ్టన్‌లో అంటున్న రోజున మావాళ్లు భూమి కోసం కొట్లాడుతున్నారు. ట్యూటర్‌కు ఆ మాట చెబితే, సెమినార్‌లో పది నిమిషాలు మాట్లాడమంది. అక్కడ నాకు నచ్చిన పద్ధతి అది.

ఆ తర్వాత 1982లో మెక్సికో సిటీలో యునెస్కో సాంస్కృతిక మహాసభ, 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ మొదలుపెట్టిన మానవాభివృద్ధి నివేదికలు, 2003లో జాతరలు, పాటలు, చేతిపనుల వంటి వాటిని కాపాడేందుకు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం, 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు. ఆ 17 లక్ష్యాల్లో సంస్కృతికి విడిగా ఒక్కటీ లేదు. నగరాల లక్ష్యం కింద 11.4 అని ఒక చిన్న వాక్యంలో వారసత్వ సంపద గురించి ఉంటుంది, ఇంకో రెండు మూడు చోట్ల ప్రస్తావన ఉంటుంది. ఎందుకలా అన్నదానిమీదే మాకు ఒక వ్యాసం రాయించారు.

నేను ఈ దారి పట్టడానికి కారణం రామప్ప. డిగ్రీ అయ్యాక ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేరాను, ములుగు, వెంకటాపూర్ వైపు తిరిగే ఉద్యోగం. 2021 జులైలో రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, ఇవన్నీ మనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. ఆ వారంలో టీవీ వాళ్లు, నాయకులు, బస్సులు, ఒకటే సందడి. గుడి బయట మక్క కంకులు కాల్చి అమ్మే ఒకామెతో మాట్లాడుతుంటే, "పేరైతే వచ్చిందంటున్నరు బిడ్డా, ఇగ నాకేం వస్తదో చూడాలె. ఇంటి మీద ఓ రూము ఏసుకుందామంటే గుడి దగ్గర కట్టొద్దంటరు" అంది. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో రెండొందల మీటర్లు అనుమతి తీసుకోవాలి. ఇది పురావస్తు చట్టంలోని నిబంధన, యునెస్కో గుర్తింపుకు ముందు నుంచే ఉంది. కానీ ఆమెకు ఆ రెండూ ఒకటే. ఇంకో సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. 2014లో మన దేశం పంపిన తాత్కాలిక జాబితాలో రామప్పతో పాటు వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కూడా ఉన్నాయి. చివరికి నిలిచింది రామప్ప ఒక్కటే. ఏ కొలతలతో నిలిపారు, మిగతావి ఎందుకు జారిపోయాయి అని వెతుక్కుంటూ పోతే, ఇది చదువుకునే విషయమే అని, దీనికో పీజీ ఉందని తేలింది.

హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. అక్కడి కౌన్సెలర్ నా మార్కులు చూసి, "మేడమ్, యూకే పోయి ఎంఏ చేస్తరా ఎవరన్నా? మేనేజ్‌మెంట్ పెట్టుకోండి, డేటా అనలిటిక్స్ పెట్టుకోండి" అన్నాడు. నేను పట్టుపడితే ఒక నమూనా పర్సనల్ స్టేట్‌మెంట్ చేతిలో పెట్టాడు. చిన్నప్పటి నుంచి నాకు సంస్కృతి అంటే ప్రాణం అని మొదలై, ఈ దేశ సేవకు నా జీవితం అంకితం అని ముగుస్తుంది. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. నాకు తెలిసినంతలో ఈ కోర్సులకు కన్సల్టెన్సీ అక్కర్లేదు. యూనివర్సిటీ సైట్‌లోనే నేరుగా అప్లై చేయొచ్చు. ఇంగ్లిష్ పరీక్ష స్కోరు (మాకు ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 అడిగారు), ట్రాన్స్‌క్రిప్ట్‌లు, ఇద్దరి రిఫరెన్స్‌లు, స్టేట్‌మెంట్, ఇవి చాలు. నా స్టేట్‌మెంట్‌లో నేను రాసింది ఆ కంకులామె మాట, ఆ వంద మీటర్ల గొడవ, దాని మీద నాకున్న ప్రశ్న. గొప్పలేమీ లేవు. తర్వాత అడ్మిషన్ ట్యూటర్‌ను కలిసినప్పుడు ఆయనకు నా పేరు గుర్తులేదు కానీ కంకులు గుర్తున్నాయి.

సీటు రావడం తేలికే, డబ్బు దగ్గరే అసలు టెన్షన్. స్కాలర్‌షిప్‌లకు కూడా పెట్టాను. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి, వాళ్ల లెక్కలో 2,800 గంటలు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. రాలేదు. కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ కొన్ని యూనివర్సిటీల కోర్సులకే ఉంటుంది, నాది ఆ జాబితాలో లేదు. ఫెలిక్స్ అని మన దేశం వాళ్లకు మంచి స్కాలర్‌షిప్ ఉంది కానీ అది ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రెడింగ్‌లలో చదివేవాళ్లకే. నాకు దక్కింది డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కొంత ఫీజు తగ్గింపు. అది పోను కూడా ఫీజు భారమే. పౌండు అప్పట్లో నూట ఐదు రూపాయలు దాటి ఉంది.

మాది బీసీ కుటుంబం. బాపు ఏనుమాముల మార్కెట్‌లో గుమాస్తా. తెలంగాణ ప్రభుత్వ మహాత్మా జ్యోతిబా పూలే ఓవర్సీస్ విద్యానిధి కింద ఇరవై లక్షలు వస్తాయి, కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షల లోపుండాలి, డిగ్రీలో అరవై శాతం కావాలి, వయసు 35 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ విద్యానిధి అదే తీరుగా ఉంటుంది. సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ కూడా ఇందులోకి వస్తాయి, ఇంజినీరింగ్ వాళ్లకే అనుకోకండి. అయితే ఒక మెలిక ఉంది. డబ్బు రెండు విడతలు, మొదటిది అక్కడికి చేరినట్టు కాగితం చూపాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. అంటే ఫీజు డిపాజిట్టూ, వీసా ఫీజూ, టికెట్టూ అన్నీ ముందు మనమే సర్దుకోవాలి.

వీసా లెక్కలు కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఫీజు ఒక్కటే చూసుకుని బయల్దేరతారు. నేను 2024 ఆగస్టులో పెట్టినప్పుడు వీసా ఫీజు 490 పౌండ్లు. దానికి తోడు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున. ఏడాది ఎంఏ అయినా వీసా పదహారు నెలల దాకా ఇస్తారు కాబట్టి ఆ సర్‌చార్జి ఏడాదిన్నరకు కట్టాలి. లండన్ బయట చదివేవాళ్లు నెలకు 1,023 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, మిగిలిన ఫీజు ఖాతాలో 28 రోజులు కదలకుండా చూపాలి. ఆ తర్వాత వీసా ఫీజు, ఖాతాలో చూపాల్సిన నెల ఖర్చు పెరిగాయి, అప్లై చేసే రోజున మళ్లీ చూసుకోండి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోను లెటర్ ఇస్తే ఆ 28 రోజుల బాధ తప్పుతుంది. కానీ లోను కోసం మొదట వెళ్లిన బ్యాంకులో మేనేజర్ గారు, "ఈ కోర్సుకు ప్లేస్‌మెంట్ ఎంతమ్మా?" అని అడిగి, నా జవాబు పూర్తయ్యేలోగా ఫైలు మూసేశారు. రెండో బ్యాంకులో మా మేనమామ హనుమకొండ ఇల్లు పూచీ పెడితే పనయింది. అత్తమ్మ ఆ కాగితాలు ఇచ్చేటప్పుడు ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే బరువనిపించింది.

ఇక చదువు. వారానికి క్లాసులు తక్కువ, చదవాల్సింది కుప్పలు. ఒక్కో సెమినార్‌కు మూడు నాలుగు పెద్ద వ్యాసాలు చదువుకుని పోవాలి, చదవకపోతే రెండు గంటలు గోడకేసి చూస్తూ కూర్చోవాలి. మొత్తం 180 క్రెడిట్లు, అందులో 60 డిసర్టేషన్‌వే, అంటే చివర్లో మనమే పరిశోధించి రాసే పెద్ద వ్యాసానివి. మార్కుల సంగతి ముందే తెలుసుకోండి: 50 వస్తే పాస్, 60 దాటితే మెరిట్, 70 వస్తే డిస్టింక్షన్. నాకు మొదటి వ్యాసానికి 64 వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ, "ఇంటర్‌ల తొంభై మూడు తెచ్చుకున్న పిల్లవు, అక్కడ తిండి సరిగ్గ తింటలేవా?" అని దిగులుపడింది.

సిద్ధాంతాలు కొన్ని నిజంగా కళ్లు తెరిపించాయి, కొన్ని మన ఊళ్లో వార్డు మెంబరుకు కూడా తెలిసిన విషయాన్నే ముప్పై పేజీల్లో చెప్పాయి. అమర్త్య సేన్ రాతలు మొదటి రకం. మానవ శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో రాసిన వ్యాసంలో ఒక మాట ఉంటుంది: కోరుకోవడం కూడా ఒక శక్తి, అది సమాజంలో అందరికీ సమానంగా దక్కదు. ఉన్నవాళ్ల పిల్లలకు ఫలానాది కావాలని కోరుకుని, ప్రయత్నించి, తప్పిపోయి, మళ్లీ ప్రయత్నించే వీలుంటుంది. లేనివాళ్లకు ఆ సాధన తక్కువ. ఇది నాకు డిసర్టేషన్ దాకా వెంట వచ్చింది.

ఫీల్డ్ పద్ధతుల క్లాసులో ఒకరోజు స్లైడ్ మీద ఫోటో: ఆడవాళ్లు నేల మీద కూర్చుని రంగు ముగ్గుతో ఊరి పటం గీస్తున్నారు. రాబర్ట్ చాంబర్స్ అనే ఆయన పేరుతో ప్రపంచమంతా తెలిసిన భాగస్వామ్య పరిశీలన పద్ధతి అది. ఊరి గురించి బయటివాళ్లు లెక్క రాసుకునే బదులు ఊరివాళ్లే గీసి చూపిస్తారు. 1980ల చివర, 90ల మొదట్లో అది బాగా పెరిగింది మన దేశంలోనే. నా పక్కన కూర్చున్న బ్రెజిల్ అమ్మాయి ఆ పొడి ఏమిటని అడిగితే, మా ఇంటి ముందు రోజూ వేసేదే అన్నాను.

మేడారం గురించి నేను ఇచ్చిన ప్రెజెంటేషన్ మీద చాలాసేపు చర్చ నడిచింది. గుడి లేదు, విగ్రహం లేదు, రెండేళ్లకోసారి నాలుగు రోజులు, చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తారు, జనం నిలువెత్తు బెల్లాన్ని బంగారమని మొక్కు చెల్లిస్తారు. పూజారులు కోయవాళ్లు. కుంభమేళా 2017లో, కోల్‌కతా దుర్గాపూజ 2021లో యునెస్కో జాబితాకు ఎక్కాయి. మేడారం ఎక్కలేదు. ఎక్కాలా అన్నది నేను పెట్టిన ప్రశ్న. క్లాసు రెండుగా చీలింది. ఎక్కితే డబ్బు, రక్షణ వస్తాయని కొందరు. ఎక్కితే కోయ పూజారుల చేతిలోంచి నిర్ణయాలు ఇంకా జారిపోతాయని కొందరు. నేనైతే పూజారులను అడగకుండా దరఖాస్తు పెడితే ఒప్పుకోను అన్నాను, ఇప్పటికీ అదే మాట.

అదే చలికాలం, 2024 డిసెంబర్‌లో, ఘనా దేశపు కెంటె నేత యునెస్కో జాబితాకెక్కింది. మా క్లాసులో ఘనా అబ్బాయి ఒకడుండేవాడు. అందరం శుభాకాంక్షలు చెబితే వాడు నవ్వి, మా మార్కెట్లో సగం కెంటె ఫ్యాక్టరీలో అచ్చేసిందే, ఆ జాబితా వాళ్లనేమీ ఆపదు అన్నాడు. నిజమే, యునెస్కో జాబితా గౌరవమే తప్ప చట్టపరమైన హక్కు కాదు. హక్కు కావాలంటే మన జీఐ లాంటిది కావాలి, అంటే ఫలానా చోటి సరుకు పేరుకు చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు. ఆ మాట మీద నాకు వరంగల్‌లో నేసేవాళ్లుండే కొత్తవాడ గుర్తొచ్చింది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ వచ్చింది. బీసీ హాస్టల్‌లో నేను పడుకున్నది కూడా ఆ గీతల జంపఖానా మీదే. మా కాశిబుగ్గ నుంచి కొత్తవాడ ఎంత దూరమని! డిసర్టేషన్ అంశం అక్కడే ఖాయమైంది: హక్కు ఉన్నచోట నేసేవాళ్లకు ఏం మారింది?

ఫీల్డ్‌కు రాకముందు ఎథిక్స్ అనుమతి కావాలి. ఎవరిని కలుస్తావు, వాళ్లకేం నష్టం జరగొచ్చు, రికార్డింగు ఎక్కడ దాస్తావు, పేర్లు ఎలా మారుస్తావు, అన్నీ రాసివ్వాలి. విసుగ్గా ఉంటుంది కానీ కొత్తవాడలో మొదటి రోజే దాని విలువ తెలిసింది. జూన్ చివర, వాన మొదలైంది. గుంట మగ్గాలున్న ఇళ్లలో గుంటలోకి ఊట దిగుతుంది, పడుగు చెమ్మ పడుతుంది, పని సాగదు. అందుకే మాటలకు దొరికారు. ఒక పెద్దాయన దగ్గర అంగీకార పత్రం తీస్తే కళ్లద్దాలు పైకెత్తి నావైపు చూశాడు.

"సంతకమా? ఇది ఏ లోనుకు బిడ్డా?"

"లోను కాదు తాతా, మీరు చెప్పింది నేను రాసుకోవచ్చా అని అడిగేది."

"దానికి సంతకమెందుకు? ఇంతకుముందు గూడ గిట్లనే పెట్టిచ్చుకున్నరు. ఏమొచ్చిందో వాళ్లకే ఎరుక."

అదృష్టవశాత్తూ నేను నోటిమాట అంగీకారానికి కూడా అనుమతి తెచ్చుకున్నాను. కాగితం సంచిలో పెట్టేసి, రికార్డర్‌లో ఒక్క వాక్యం చెప్పించుకుని మొదలుపెట్టాను. తర్వాత ఆయనే నాకు వాడంతా చూపించాడు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో వరంగల్ తివాచీలు పెట్టారని, ఊలుతో, పట్టుతో ముడులు వేసి నేసినవని చెబితే, ఆయన పేక కండె (అడ్డనూలు చుట్టిన పుల్ల) మార్చుకుంటూ, "అంటే అప్పుడు గూడ పేరే వచ్చిందన్న మాట" అన్నాడు. మగ్గం దగ్గర కూర్చున్న వాళ్లంతా నవ్వారు.

జీఐ గురించి అడిగితే ఎక్కువమంది చెప్పింది, ఏదో గుర్తింపు వచ్చిందట, పేపర్ల చదివినం అని. ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా డిసర్టేషన్ సగం దీనిమీదే నడిచింది. జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003 నుంచి అమలు, రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. ఒక పేరు రిజిస్టరైతే దాని యజమాని ఒక సంఘమో సంస్థో అవుతుంది. కానీ ఆ పేరును అధికారికంగా వాడుకునే హక్కు, ఎవరైనా నకిలీ చేస్తే కేసు వేసే హక్కు రావాలంటే నేసే మనిషి ఆథరైజ్డ్ యూజర్‌గా విడిగా నమోదు కావాలి. దానికి జీఐ-3 అనే ఫారం, తాను ఆ సరుకు తయారుచేస్తానని ఆధారం. ఫీజు ఒకప్పుడు 500 రూపాయలు, 2020లో 10కి తగ్గించారు. ఫీజు అడ్డం కాదిప్పుడు, ఆ రెండో మెట్టు ఉందనే సంగతి ఇంటింటికీ చేరకపోవడమే అడ్డం. ఇంకోటి, జీఐ కాపాడేది పేరునే. మిల్లులో అలాంటి గీతలతోనే దుప్పటి నేసి వేరే పేరుతో అమ్మితే చట్టం చేసేదేమీ లేదు. కూలి రేటు దాని పరిధిలోకే రాదు. కొత్తవాడకు నిజంగా పని తెచ్చేది ప్రభుత్వ హాస్టళ్ల ఆర్డర్. అది వచ్చిన ఏడు మగ్గం ఆడుతుంది, రానిది మూలన పడుతుంది.

ముగ్గు పటం కూడా వేయించాను. ఒక ఇంటి వాకిట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి, జంపఖానా తయారవడానికి ఎవరి ఇంట్లో ఏ పని జరుగుతుందో గీయమన్నాను. "ముగ్గు ఏయమంటే ఏస్తం గని, మార్కులేస్తవా?" అని ఎగతాళి చేశారు. గీసేకొద్దీ ఎగతాళి తగ్గింది. నూలు తెచ్చే దారి, రంగు వేసే చోటు, ఆరేసే గోడ, రాట్నం మీద కండెలు చుట్టే అరుగులు. మగ్గాలకు చుక్క పెట్టి, కండెలు చుట్టే చోట్లకు పసుపు వేశారు. చుక్కలకంటే పసుపే ఎక్కువైంది. పొద్దున మగ్గం ఎక్కాలంటే రాత్రి కండెలు సిద్ధంగా ఉండాలి, అది ఆడవాళ్లు, ముసలివాళ్లు చేసే పని, కూలి విడిగా ఉండదు. గుర్తింపు కార్డు, పొదుపు పథకంలో ఖాతా నేను తిరిగిన ఇళ్లలో మగ్గం ఎక్కినవాళ్ల పేరు మీదే ఉన్నాయి. ఒకామె పసుపు చారలు చూసుకుంటూ, "ఇయ్యన్నీ మేమే? మరి మా పేర్లు ఏ కాయితంల లేవెందుకు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు. డిసర్టేషన్‌లో దానికి ఒక అధ్యాయం ఇచ్చాను.

అన్నిటికంటే నన్ను తిప్పలు పెట్టింది ఒక మామూలు ప్రశ్న. వారసత్వం మీద చదివే ప్రతి వ్యాసంలో తర్వాతి తరానికి అందించడం అని ఉంటుంది, 2003 ఒప్పందంలో కూడా అదే ఊపిరి. అందుకని ప్రతి ఇంట్లో అడిగాను, మీ పిల్లలకు నేర్పుతారా అని. ఒకాయన మగ్గం ఆపకుండానే చెప్పాడు: "నా కొడుకు మగ్గం ఎక్కొద్దనే గదా బిడ్డా నేను ఇన్నేండ్లు దీని మీద కూసున్న." కొడుకు హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ లేదు, గెలిచినవాడి గర్వం ఉంది. మా యూనివర్సిటీ లెక్కలో ఒక వారసత్వం తెగిపోయింది. ఆయన లెక్కలో ఒక ఇల్లు నిలబడింది. అప్పాదురై చెప్పిన కోరుకునే శక్తి ఆయన తన కొడుకు కోసం నలభై ఏళ్లు కూడబెట్టాడు. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో మొదలైన ఆ మిల్లు 2002లో పూర్తిగా మూతబడ్డప్పుడు ఏడ్చినవాళ్లలో మా తాత ఉన్నాడు, కానీ బాపును మిల్లుకు పంపాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. నేనిదంతా చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లగలిగింది అందుకే.

కాబట్టి నా డిసర్టేషన్‌లో నేను వాదించింది ఇది: చేతిపని బతికిందా లేదా అని కొలవడానికి పిల్లలు నేర్చుకున్నారా అన్నది కొలబద్ద కాకూడదు. ఇవాళ మగ్గం మీద ఉన్న మనిషికి, కండె చుట్టే మనిషికి కూలి ఎంత పడుతోంది, వాళ్ల పేరు కాగితంలో ఉందా, పనిలో ఉండాలో వద్దో తేల్చుకునే వీలు వాళ్లకుందా అన్నది చూడాలి. కూలి గిట్టుబాటైతే కొత్తవాళ్లు వాళ్లే వస్తారు, ఆ వాడ పిల్లలే కానక్కర్లేదు. నా సూపర్‌వైజర్ ఈ భాగం చదివి, మరీ ఆర్థిక కోణంలోకి వెళ్లిపోయావేమో, పనిలోని అందం, జ్ఞాపకం ఎక్కడ అని మార్జిన్‌లో రాసింది. అందం గురించి ఒక పేరా కలిపాను గానీ వాదన మార్చలేదు. మెరిట్ వచ్చింది.

ఉద్యోగం సంగతి. నా చదువయ్యేనాటికి రెండేళ్లు అక్కడ ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా ఉండేది, కానీ ఈ రంగంలో అక్కడి ఉద్యోగాలకు పోటీ విపరీతం. మ్యూజియంలు, కౌన్సిళ్లు, పెద్ద సంస్థలన్నీ అనుభవం అడుగుతాయి. చదివేటప్పుడు వారానికి ఇరవై గంటలే పని చేయొచ్చు, నేను కేఫ్‌లో గిన్నెలు కడిగి ఇంటి అద్దెలో కొంత సర్దుకున్నాను. తిరిగొచ్చేశాను. ఇప్పుడు చేనేత మీద పనిచేసే ఒక ప్రాజెక్టులో ఉన్నాను, జీతం నాతో ఇంటర్ చదివిన సాఫ్ట్‌వేర్ స్నేహితుల దాంట్లో సగం కూడా ఉండదు, లోను ఈఎంఐ నెల మొదట్లోనే పోతుంది. పనిలో సగం జీఐ-3 ఫారాలు నింపించడమే. కండెలు చుట్టే ఆడవాళ్లను కూడా ఉత్పత్తిదారులుగా రాయించవచ్చా అని ఒక లాయరుతో మాట్లాడుతున్నాం, ఇంకా తేలలేదు. ఐటీ జీతం ఆశించి ఈ కోర్సుకు వెళ్లొద్దు. చేతిలో ఒక ఊరు, ఒక వాడ, ఒక ప్రశ్న ఉంటే మాత్రం వెళ్లండి, అవి లేకుండా వెళ్తే అక్కడి పుస్తకాల్లోనే తప్పిపోతారు.

వచ్చే ఏడాది సెప్టెంబర్‌లో చేరాలనుకునేవాళ్లు ఈ ఏడాది ఆగస్టు కల్లా మొదలుపెట్టండి. చీవ్‌నింగ్ దరఖాస్తులు ఆ నెలలో తెరుచుకుని శీతాకాలానికి ముందే మూసుకుపోతాయి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు యూనివర్సిటీ నుంచి ముందే తీసి పెట్టుకోండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు, మెమోలో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి, ఆదాయ ధ్రువపత్రం గడువు తీరిపోకుండా మీసేవలో కొత్తది తీయించండి. రిఫరెన్స్ రాసే సార్లకు మాత్రం రెండు నెలల ముందే చెప్పండి, పేపర్ వాల్యుయేషన్ మొదలైతే వాళ్లు ఫోన్ ఎత్తరు.